గుండ్రంగా తిరిగిన గోడ

తాపీ అంచు ఇటుకకు తగిలి గరగరమన్నప్పుడల్లా నాకు విజయలక్ష్మి టీచర్ గుర్తొస్తారు. ఏ తవ్వకంలో ఉన్నా, ఆ చప్పుడు నన్ను నందిగామలో మా ఆడపిల్లల హైస్కూలు వెనక దొడ్డికి తీసుకుపోతుంది.

డెబ్భయ్యో దశకం చివరి రోజులవి. ఆవిడ రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో వచ్చి మాకు చరిత్ర చెప్పేవారు. ఒకరోజు రోమన్ సామ్రాజ్యపు సరిహద్దు కోటల గురించి చెబుతూ చెబుతూ పుస్తకం మూసేసి, "తవ్వితేగానీ తెలీదు, పదండి!" అన్నారు. దసరా సెలవుల్లోనే మనుషుల్ని పెట్టి, దొడ్లో ఇటుక ముక్కలతో చిన్న కోటకు పునాదులు పేర్పించి, పైన మట్టి కప్పించి ఉంచారు.

"జగ్గయ్యపేటలో స్తూపం ఉండగా, ఎక్కడో రోమ్ వాళ్ల కోట ఎందుకు టీచర్?" అనడిగాను.

"వాళ్ల కోటలన్నీ ఇంచుమించు ఒకే అచ్చు అమ్మాయ్. ఒక మూల దొరికితే మిగతాది ఊహించొచ్చు. ముందు ఊహించటం నేర్చుకో, స్తూపానికి నేనే తీసుకెళ్తా." తర్వాత తీసుకెళ్లారు కూడా.

పొరలు పొరలుగా గీకాం. ద్వారం, సైనికుల గదులు, చెమ్మ తగలకుండా నేల ఎత్తు చేసిన ధాన్యపు కొట్టు ఒక్కొక్కటే బయటపడుతుంటే అన్నం సంగతే మర్చిపోయేవాళ్లం.

ఒక మధ్యాహ్నం మా నాన్నగారు బట్టల కొట్టు మూసి స్కూలుకు వచ్చారు. పదో తరగతితో నా చదువు మాన్పిస్తానని చెప్పడానికే వచ్చారని నాకు తెలుసు. సరిగ్గా అప్పుడే నా తాపీ కింద వంపు తిరిగిన ఇటుకల వరస తేలింది. రోమన్ కోటల మూలలు గుండ్రంగా ఉంటాయని టీచర్ చెప్పి ఉన్నారు.

"నాన్నగారూ, చూడండి! కోట మూల!" అని అరిచాను.

టీచర్ వంగి చూశారు. "ఇది నేను పెట్టించింది కాదే! అయినా మూలలాగే ఉంది. తవ్వు."

మూలైతే గోడ కాస్త దూరం పోయాక తిన్నగా సాగాలి. అది తిరుగుతూనే ఉంది. తిరిగి తిరిగి మొదలైన చోటికే వచ్చింది. ఎప్పుడో పూడ్చేసి అందరూ మర్చిపోయిన బావి అది. నాన్నగారి ముందు అంత గొప్పగా అరిచినందుకు నాకు ఏడుపొచ్చింది.

టీచర్ మాత్రం గంజి పెట్టిన చీరతోనే మట్టిలో చతికిలబడి చప్పట్లు కొట్టారు. "నువ్వూ తప్పే, నేనూ తప్పే! మనం పొరబడబట్టేగా బావి దొరికింది!"

ఆవిడ నవ్వు చూసి నాన్నగారికీ నవ్వాగలేదు. గుంట అంచున గొంతుక్కూర్చుని, "పై చదువుల్లో కూడా ఇదే ఉంటుందాండీ?" అనడిగారు.

"ఇంతకు ఇంత ఉంటుందండీ."

"అయితే చదవనీండి. ఇంకెన్ని బావులు బయటపెడుతుందో చూద్దాం."

చెబుదామని వచ్చిన మాట చెప్పకుండానే ఆయన వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఎన్నో చోట్ల తవ్వాను. నా అంచనా తలకిందులైన రోజున విద్యార్థులు బెరుగ్గా నా మొహంలోకి చూస్తారు. నాకేమో లోపల్నుంచి నవ్వు తన్నుకొస్తుంది. కొంగు దోపుకుని, ఆ మట్టిలోనే వాళ్ల పక్కన కూర్చుంటాను.