ఎక్స్‌ప్రెస్‌కి ఆగడం నేర్పిన విజిలమ్మ

మేధో వైకల్యం ఉన్నవాళ్ళ బడిలో ఆమె వ్యాయామ టీచరు. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది గానీ, అందరికీ ఆమె విజిలమ్మే. ఆమె దగ్గర పరుగు నేర్చుకునే పదకొండు మందిని ఊరంతా ‘పిల్లలు’ అంటుంది. అందులో ముప్ఫై దాటినవాళ్ళూ ఉన్నారు.

మహమ్మారి వచ్చి బడికి తాళం పడింది. పెద్ద పెద్ద పోటీలు వాయిదా పడ్డాయని టీవీలు గంటల తరబడి బాధపడ్డాయి. ఈ పదకొండు మంది మైదానం కూడా మూతపడిందని ఒక్కరికీ తట్టలేదు. వీళ్ళ ఆటని మనం ఆటగా ఎప్పుడు లెక్కేశాం గనక! చప్పట్లు కొట్టి, ఫొటో దిగి వెళ్ళిపోవడమే మనకి తెలుసు.

విజిలమ్మ ఊరుకోలేదు. రోజూ ఉదయం ఏడింటికి, వంటగట్టు మీద నూనె డబ్బాకి ఫోను ఆనించి, వీడియో కాల్‌లో డ్రిల్లు మొదలుపెట్టింది.

ఆ పదకొండు మందిలో ఒకడు ఎక్స్‌ప్రెస్. ముప్ఫై రెండేళ్ళు. కదలడం ఆలస్యం, కదిలాడా ఆగడు. కుట్టుపని చేసే అక్క దగ్గర ఉంటాడు. రెండు నెలల్లో తొమ్మిది కిలోలు పెరిగాడు. షుగరు అంచున ఉందనీ, ఇలాగే కూర్చుంటే మందుల్లోకి దిగక తప్పదనీ డాక్టరు హెచ్చరించాడు. “లేవరా తమ్ముడూ” అని అక్క ఎంత బతిమాలినా దుప్పటి ముసుగేసేవాడు. ఫోనులో విజిల్ మోగితే మాత్రం ఒక్క ఉదుటున లేచేవాడు.

ఒకరోజు విజిలమ్మ అతన్ని మేడ మీదికి పంపి, “నడువు. నేను చాలనేదాకా ఆగకూడదు, సరేనా?” అంది. “సరే టీచర్!” అన్నాడు. అంతలో సిగ్నల్ పోయింది. ఎంతకీ రాకపోయేసరికి, అందరూ మానేసి ఉంటారులే అనుకుని ఆమె కూరగాయల క్యూకి వెళ్ళింది.

అందరూ మానేశారు, ఎక్స్‌ప్రెస్ తప్ప.

అక్క కింద మాస్కులు కుడుతోంది. బట్టలు ఆరేయడానికి పైకి వెళ్ళేసరికి పది దాటింది. ఎండలో, ఒట్టి కాళ్ళతో, అరికాళ్ళు బొబ్బలెక్కినా నడుస్తూనే ఉన్నాడు. “టీచర్ చెప్పలేదు” అంటూ అక్క చెయ్యి కూడా విదిలించుకున్నాడు. కాళ్ళు తడబడి కూలబడ్డాక గానీ ఆగలేదు.

మధ్యాహ్నం అక్క ఫోను చేసి దులిపేసింది. “ఎక్స్‌ప్రెస్ అని పేరైతే పెట్టారు, బ్రేకు మాత్రం పెట్టలేదు మీరు! మావాడు ఇంక మీ క్లాసుకి రాడు టీచరుగారూ. లావెక్కితే ఎక్కనీండి, ప్రాణంతో ఉంటాడు.”

తప్పు సిగ్నల్ మీదికి తోసేయొచ్చు. విజిలమ్మ తోయలేదు. ‘మా వాళ్ళు చెప్పగానే చేస్తారండీ’ అని పదిహేనేళ్ళుగా గొప్పగా చెప్పుకుంది. మాట వినడమొక్కటే వీళ్ళ నుంచి మనం కోరేది. తమ ఒంటి మాట వినడం వీళ్ళకి ఎవరు నేర్పారు?

నాలుగు రోజులాగి, బయట తిరగనిచ్చే వేళ చూసుకుని, ఆ ఇంటి ముందు రోడ్డు మీద నిలబడింది. బాల్కనీలోంచి అక్క, “పైకి రాకండి” అంది.

“రానమ్మా. నువ్వు తర్వాత తిడుదువు గానీ, ముందు వాణ్ణి పిలువు.”

ఎక్స్‌ప్రెస్ వచ్చాడు.

“తప్పు నాదిరా. అలిసిపోతే నువ్వే ఆగొచ్చని నీకెప్పుడూ చెప్పలేదు.”

అతను సీరియస్‌గా ఆలోచించాడు. “తప్పు చేస్తే పది బస్కీలు టీచర్. మీరే చెప్పారు.”

“నడిరోడ్డు మీదా?”

“రూలు రూలే.”

ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. విజిలమ్మ బస్కీలు మొదలుపెట్టింది. అతను పైనుంచి లెక్కపెట్టాడు. ఆరు దగ్గర, “చాలు టీచర్” అన్నాడు.

“పది కాలేదుగా?”

“మీకు ఆయాసం. మాస్కు లోపలికీ బయటికీ ఊగుతోంది.”

విజిలమ్మ అక్కడే ఆగి, “మరి నీకు ఆయాసమొస్తే?” అంది.

“నేనే... చాలు అనాలి” అన్నాడు.

“మేడ మీద కాదు, నా కళ్ళ ముందు చేయించండి” అంది అక్క. “ఒక్కరోజు చూస్తాను. తేడా వచ్చిందో, ఫోను నీళ్ళ బకెట్లో వేస్తా.”

మర్నాడు కుట్టుమిషను పక్కనే అతని నడక మొదలైంది. కాసేపటికి రొప్పు వచ్చింది. ఫోనులో విజిలమ్మ పెదవి బిగించి ఊరుకుంది. అక్క మిషను ఆపి, సగం లేచింది. ఎక్స్‌ప్రెస్ మరో రెండడుగులు వేసి చెయ్యెత్తాడు.

“చాలు!”

కూర్చుని, నీళ్ళు తాగి, చెమట తుడుచుకున్నాడు. అక్క మళ్ళీ మిషను ముందు కూర్చుంది. అయిదు నిమిషాలకి అతనే లేచాడు.

“టీచర్, ఇంకో రౌండు?”

“నన్నడుగుతావేంట్రా? నీ ఒంటినడుగు.”

అతను పొట్ట మీద చెయ్యి వేసుకుని, తలవంచి విన్నాడు.

“సరేనంటోంది.”

అక్క ఫక్కున నవ్వి, దారికి అడ్డంగా ఉన్న స్టూలు పక్కకి లాగింది.