రానివాళ్ళ పేజీ

మా అమ్మమ్మ ముప్పై ఏళ్ళు బడిలో డ్రిల్లు టీచరు. ఉద్యోగం వదిలిందిగానీ మెళ్ళో విజిల్ వదల్లేదు. మూడో అంతస్తులో ఒక గది తీసుకుని, గోడకు అద్దాలు బిగించి, నేలమీద చాపలు పరిచి ఫిట్‌నెస్ స్టూడియో పెట్టింది. పేర్లిచ్చినవాళ్ళు బోలెడుమంది. వచ్చేవాళ్ళు ముగ్గురు. అందులో ఒకరు తాతయ్య. ఆయన రావడం కాదు, తీసుకురావడం.

ఒకరోజు బిల్డింగు ఓనరు కబురు పెట్టాడు. పైన బోసిగా ఉంటే కింది కొట్లకూ జనం రావడం లేదట. నెలాఖరు పొద్దున ఆరింటికి వచ్చి చూస్తాడట. పదిమంది లేకపోతే గది పరదాల కొట్టుకు ఇచ్చేస్తాడట. అమ్మమ్మ రెండు రోజులు విజిల్ ఊదలేదు. ఇంటిల్లిపాదీ భయపడ్డాం.

వెబ్‌సైట్ పెడదామన్నాను. చదువు అబ్బకపోయినా ఫోన్లో చూసి ఆ విద్య నేర్చుకున్నాను. కండలు తిరిగిన మనుషుల ఫోటోలతో మొదటి పేజీ చేసి చూపించాను.

"ఎవరే వీళ్ళు?" అంది అమ్మమ్మ.

"ఎవరో. చూడ్డానికి బాగుంటారని."

"బాగానే ఉన్నారుగా, ఇంక మన దగ్గరికెందుకు? తీసెయ్. తెరవగానే రానివాళ్ళ పేర్లు కనపడాలి. పక్కనే ఎందుకు రాలేదో వాళ్ళ మాటల్లోనే పెట్టు. సిగ్గుపడి వాళ్ళే వస్తారు."

అందరికీ ఫోన్ చేసి అడిగి పెట్టాను. క్షౌరశాలాయన: "నిన్న చేద్దామనుకున్న అలసట ఇంకా తీరలేదు." దర్జీ అత్త: "అద్దంలో చూసుకున్నాను, ఫరవాలేదనిపించింది." గడియారాలు బాగుచేసే మామయ్య: "టైము తెలియలేదు."

సిగ్గెవరికీ రాలేదు. వీధంతా పొద్దున్నే ఆ పేజీ చదివి పడీపడీ నవ్వడం మొదలెట్టింది. తన సాకు పేజీలో అట్టడుగున పడిందని దర్జీ అత్త అలిగింది. మంచి సాకు కోసం ఆలోచిస్తూ పాలాయన పాలు పొయ్యడమే మానుకున్నాడు. చివరికి రోజూ వచ్చే ముగ్గురిలో ఒకాయన కూడా, తన పేరు ఒక్కసారైనా రాలేదని రావడం మానేశాడు.

"నా కొంప ముంచావే," అంది అమ్మమ్మ.

"పెట్టమంది నువ్వేగా."

ఆమె కాసేపు ఫోనువంక గుర్రుగా చూసి, పేజీ పైన ఇంకో ముక్క రాయించింది: "సాకులు ఫోన్లో తీసుకోము. పొద్దున ఆరింటికి పైకి వచ్చి చెప్పాలి."

మర్నాటినుంచే మెట్లమీద వరస మొదలైంది. నెలాఖరు పొద్దున ఓనరు వచ్చేసరికి రోజూలాగే మెట్లనిండా జనం. ఆయన రెండో అంతస్తు దాకా ఎక్కి, ఆయాసంతో మెట్టుమీద కూలబడ్డాడు.

"వీళ్ళంతా... వ్యాయామానికేనా?"

"కాదండీ," అన్నాడు క్షౌరశాలాయన. "మానేస్తున్నామని చెప్పడానికి. మీరు వరసలో రండి."

ఓనరు పైకి చూసి అరిచాడు. "అమ్మా, వీళ్ళు లెక్కలోకి రారు."

అమ్మమ్మ రెయిలింగు మీదనుంచి వంగింది. "రోజూ మూడంతస్తులు ఎక్కి దిగుతున్నారు. ఒక్కరికైనా ఆయాసం ఉందా? మీ ఆయాసం ఇక్కడిదాకా వినపడుతోంది."

అందరూ తననే చూడటంతో ఓనరు చెమట తుడుచుకుని లేచాడు. "సరే సరే. గది మీదేలెండి," అని కిందికి దిగబోయాడు.

"ఆయన పేరు కూడా రాసుకోవే," అంది అమ్మమ్మ నాతో.

ఓనరు గబుక్కున ఆగాడు. "రేపు నాకు కుదరదమ్మా, పనుంది."

"అది పైకొచ్చి చెప్పండి."