హకాటా రామెన్‌ను జుర్రిన మామ

యాడికిలో సేద్యం చేసే మా మామను జపాన్‌లోని ఫుకువోకా తీసుకెళ్లి, ఆ ఊరి పేరుమోసిన హకాటా రామెన్ తినిపించాను. పంది ఎముకలు మరిగించిన తెల్లటి చారులో సేమ్యాలాంటి సన్నటి పోగులు. ఇద్దరం మర్యాదగా, చప్పుడు లేకుండా తింటుంటే వంటాయన ముఖం వాడిపోయింది.

"బాగా లేదా?" అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు. అక్కడ చప్పుడు చేస్తూ జుర్రుకుంటేనే మెచ్చినట్టట.

ఆ మాట చెప్పగానే మామ కళ్లు మెరిశాయి. "ఇంట్లో ఇట్ల జుర్రితే మీయత్త అన్నం తట్ట పెరుక్కుంటాది, అల్లుడా!" అంటూ బర్రె కుడితి తాగినట్టు లాగించాడు. హోటలంతా తిరిగి చూసింది. వంటాయన నడుం వంచి దండం పెట్టాడు.

మామ అక్కడికక్కడే అత్తకు ఫోన్ కొట్టాడు.

"ఏమే, ఇన్నావా? ఈడ జుర్రితే దండం పెడతాండారు!"

"అయితే ఆడనే ఉండు," అని అత్త ఫోన్ పెట్టేసింది.