సక్కుబాయి తెచ్చిన డీజిల్

బాలనర్సయ్య చెయ్యి పడితే లేవని ఇంజన్ లేదని బోరబండలో పేరు. ఊళ్ళ వెంట తిరిగి బావుల మీది ఆయిలింజన్లు బాగుచేసినవాడు. 1971లో గుత్తేదారు లింగమూర్తి దుర్గం చెరువు అవతలి గుట్టల్లో రాయి కొట్టించడం మొదలుపెట్టాడు. కూలీలను దాటించడానికి ఇంజన్ పడవ తెచ్చి బాలనర్సయ్యకు అప్పగించాడు. దానికి కూకట్‌పల్లి రోడ్డు మీది బంకు నుంచి డబ్బా నెత్తిన పెట్టుకుని డీజిల్ తెచ్చేది సక్కుబాయి. రాయి మీద పడి మొగుడు పోయాక ఆమెకు దొరికిన పని అది.

ఆ పొద్దున కూలీలంతా పడవెక్కి కూర్చున్నారు. బాలనర్సయ్య హ్యాండిల్ వేసి తిప్పాడు. ఇంజన్ తిరుగుతోంది గాని అంటుకోవడం లేదు. పొగైనా రావడం లేదు. ఫిల్టర్ విప్పి కడిగాడు. పైపు వదులుచేసి గాలి తీశాడు. మళ్ళీ తిప్పాడు. చొక్కా తడిసి వీపుకు అతుక్కుంది.

“ఏందయ్యా, నీతోని అయితదా, కాదా?” ఒడ్డు మీంచి లింగమూర్తి అరిచాడు.

కూలీలు కిసుక్కుమన్నారు. బాలనర్సయ్యకు తల కొట్టేసినట్టయింది.

“ఇంజన్ మంచిగనే ఉంది సేట్. ఈమెనే డీజిల్ల నీళ్ళు గలిపింది,” అన్నాడు, ఒడ్డున ఖాళీ డబ్బాతో నిలబడ్డ సక్కుబాయిని చూపిస్తూ.

సక్కుబాయి నోరు తెరుచుకుని చూసింది. “నేనా? ట్యాంకు వంపు. అందరి ముంగట్నే సూడు.”

బకెట్లోకి వంపారు. నీళ్ళుంటే అడుగున చేరాలి. చుక్క లేదు. బాలనర్సయ్య అక్కడితో ఊరుకున్నా సరిపోయేది.

“నీళ్ళు గాకుంటే గ్యాసునూనె గలిపినవ్.”

ఆ కిరసనాయిలు కలిసినా ఇంజన్ ఎంతోకొంత లేస్తుందని ఆయనకు తెలుసు. తెలిసే అన్నాడు.

“ఇగ నువ్వు రాకు,” అన్నాడు లింగమూర్తి ఆమెతో. సక్కుబాయి ఖాళీ డబ్బా తీసుకుని బండల మధ్య దారిన వెళ్ళిపోయింది.

బకెట్లోని డీజిల్‌ను బట్టతో వడగట్టి ట్యాంకులో పోశాడు బాలనర్సయ్య. మళ్ళీ గాలి తీయడానికి వంగితే పంపు పక్కనున్న లివర్ కంటబడింది. నిన్న సాయంత్రం ఇంజన్ ఆపడానికి తానే లాగాడు. అది అక్కడే బిగుసుకుని ఉంది. అట్లా ఉంటే ఇంజన్‌కు డీజిల్ అందదు. పొద్దున లేచి మొదట చూడాల్సింది అదే.

వెనక్కి తోసి, గాలి తీసి, హ్యాండిల్ తిప్పాడు. ఇంజన్ లేచింది.

“వడగట్టంగనే ఎట్ల లేసిందో సూడు!” అని కూలీలు మెచ్చుకున్నారు. ఆయన తలెత్తకుండా పడవ నడిపాడు. 

మధ్యాహ్నం సక్కుబాయి గుడిసెకు వెళ్ళాడు. లివర్ సంగతి చెప్పి, “తప్పు నాదేనమ్మా,” అన్నాడు.

ఆమె చాటలోంచి తల ఎత్తలేదు. “నన్ను అన్నది ఈడ గాదు గదా. ఆడనే చెప్పు.”

మర్నాడు పడవ నిండా కూలీలున్నప్పుడు లింగమూర్తి ముందు నిలబడి చెప్పాడు. డీజిల్ మంచిదేనని, మరిచింది తానేనని, గ్యాసునూనె మాట అబద్ధమని తెలిసే అన్నానని. ముందు మాటలకు కొందరు నవ్వారు. చివరి మాటకు ఎవరూ నవ్వలేదు. అన్నీ విని లింగమూర్తి, “సరే, ఆమెను రమ్మను,” అన్నాడు.

సక్కుబాయి మళ్ళీ డీజిల్ తేసాగింది. డబ్బా దించాక మూత తీసి, బాలనర్సయ్య వాసన చూసేదాకా అక్కడే నిలబడేది. వద్దమ్మా అని ఆయన ఎన్నిసార్లు అన్నా కదిలేది కాదు.