అక్క మంచం కింద ఇటుకలు

ఆమెను ఊళ్ళో ఎదురుగా మేడమ్ అంటారు, వెనకాల ‘వద్దమ్మ’ అంటారు. మున్సిపల్ ఆఫీసులో ప్లానింగు అధికారి. ఏ స్థలం దేనికి వాడుకోవాలో పటం మీద రంగులు వేసి చెప్పడం ఆమె పని: ఇళ్ళకు పసుపు, దుకాణాలకు నీలం, పార్కులకు ఆకుపచ్చ. ఆ రంగులు మార్చమని అడగడం జనం పని. ఒకాయన పసుపులో లారీల షెడ్డు వేస్తానంటాడు, ఇంకొకాయన ఆకుపచ్చలో పెట్రోలు బంకు పెడతానంటాడు. పైగా అందరూ ఊరి మంచి కోసమే అడుగుతారు. ఊరు ఇంత పెరగని రోజుల్లో ఆమె కారణాలన్నీ ఓపికగా వివరించేది. చెప్పీ చెప్పీ నోరు అరిగిపోయి, ఇప్పుడు ఫైలు తెరవకముందే ‘వద్దు’ వచ్చేస్తుంది. కూరలో కాస్త ఉప్పు వేయనా అని భర్త అడిగినా ముందు వద్దనేసి, ఆ తరవాత వేయమంటుంది.

ఊరి చివర పల్లపు మైదానం ఒకటుంది. ఎగువ వీధుల్లో పడ్డ వానంతా అక్కడికి చేరి, నిలిచి, నింపాదిగా ఇంకిపోయేది. కొన్నాళ్ళ క్రితం అందులో సగం మట్టితో ఎత్తు చేసి దుకాణాలు కట్టారు. అప్పుడూ ఆమె వద్దంది, ఎవరూ వినలేదు. అప్పటినుంచి పెద్ద వాన వస్తే మిగిలిన సగం చాలక నీళ్ళు దిగువ వీధిలోకి పోతున్నాయి. ఆ వీధిలోనే ఆమె సొంత అక్క ఇల్లు.

ఇప్పుడు ఆ మిగిలిన సగంలో కమ్యూనిటీ హాలు కట్టాలని ఊరంతా పట్టుబట్టింది. అదీ పోతే దిగువ వీధి మునుగుతుందని వద్దమ్మకు అరచేతిలో గీతంత స్పష్టంగా తెలుసు. చిత్రమేమిటంటే, హాలు కావాలని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పోగేసింది సాక్షాత్తూ అక్కే.

ఒక ఆదివారం ఆమె అక్క ఇంటికి వెళ్ళి బతిమాలింది.

“అక్కా, ఇంట్లోకి నీళ్ళొస్తున్నాయని ఒక్క అర్జీ పెట్టు. మీ వీధినుంచి కాగితం ముక్క లేకపోతే ఆఫీసులో నా మాట ఎవరూ వినరు.”

“అర్జీ పెడితే పై వాటాలో అద్దెకున్నవాళ్ళు రేపే ఖాళీ చేస్తారు. ఈ వీధిలో ఇల్లంటే ఇక ఎవడూ ఇటు తొంగి చూడడు. నీకేం, చెప్పి పోతావు.”

“మరి హాలెందుకు?”

“హాలొస్తే వీధికి విలువొస్తుంది.”

“నీ మంచం ఇటుకల మీదెందుకుంది?”

“కింద ఊడవడానికి వీలుగా ఉంటుందని.”

“గోడకి నడుము దాకా ఆ ముదురు రంగేమిటి?”

“ఫ్యాషనే! నీకేం తెలుసు?”

వీధి వీధంతా అదే ఫ్యాషన్. ప్రతి ఇంట్లోనూ గోడకు నడుము దాకా ముదురు రంగు, ఫ్రిజ్జు కింద బల్ల, మంచం కింద ఇటుకలు. అడిగితే మాత్రం చుక్క నీళ్ళు రావంటారు. వద్దమ్మకు ఒళ్ళు మండిపోయింది. భోజనానికి ఉండమన్నా వద్దని లేచి వచ్చేసింది. తరవాత దారంతా ఆకలితో అక్కను తిట్టుకుంటూ నడిచింది.

అభ్యంతరాలు వినే రోజు మున్సిపల్ ఆఫీసు కిటకిటలాడింది. ఆమె పటం పరిచి, వాలు ఎటుందో, నీళ్ళు ఎటు పోతాయో గొంతు ఎండేదాకా చెప్పింది. ఛైర్మన్ సావధానంగా విన్నాడు.

“అంతా బాగుంది మేడమ్. ఆ వీధినుంచి ఒక్క ఫిర్యాదన్నా వచ్చిందా?”

“రాలేదండీ. కానీ...”

“వాళ్ళనే అడుగుదాం.”

రిటైరైన మాస్టారు ముందు లేచాడు. “మా వీధిలోకి చుక్క నీళ్ళు రాలేదండీ,” అన్నాడు. పోయిన వానల్లో టీవీని నెత్తిన పెట్టుకుని ప్రహరీ గోడ మీద కూర్చున్నది ఆయనే. ఆ తరవాత అక్క లేచింది. ఒక్క మాట, ఒక్కసారి నిజం చెబితే చాలు, మైదానం మిగులుతుంది.

“మా ఇంట్లోకి ఎప్పుడూ రాలేదండీ,” అంది అక్క, చెల్లెలి వైపు చూడకుండా.

“అబద్ధం!” వద్దమ్మ కుర్చీ వెనక్కి తోసి లేచింది. “మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఆ ఇంట్లో మంచం ఎత్తింది నేనే!”

అందరూ అక్క వైపు తిరిగారు. అక్క కొంగు సర్దుకుంది.

“చిన్నప్పటినుంచీ నాకూ మా చెల్లెలికీ పడదండీ. నేను అవునంటే అది కాదంటుంది. దాన్ని ఊళ్ళో ఏమంటారో మీకు తెలుసుగా?”

అందరూ పగలబడి నవ్వారు. ఛైర్మన్ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ నవ్వుల్లోనే హాలుకు అనుమతి వచ్చేసింది.

ఇక అక్క గడప తొక్కనని వద్దమ్మ ఒట్టు పెట్టుకుంది. మైదానంలో లారీలు మట్టి పోస్తుంటే వేరే దారిన ఆఫీసుకు వెళ్ళేది. కోపం కన్నా అవమానమే ఎక్కువ బాధించింది. ఊరు నవ్వితే సరే, నవ్వించింది అక్క.

వానాకాలం ముందు అక్క ఫోన్ చేసింది. “ఓసారి రావే. నా ఒక్కదానివల్లా కావడం లేదు.” ఏమిటని కూడా చెప్పలేదు. వద్దమ్మ వెళ్ళకూడదనుకుంది, వెళ్ళింది.

గదిలో మంచం పక్కన కొత్త ఇటుకలు పేర్చి ఉన్నాయి. కిటికీలోంచి హాలు పునాది కనిపిస్తోంది, వీధికంటే చాలా ఎత్తుగా. వద్దమ్మ హ్యాండుబ్యాగు గుమ్మం దగ్గర పడేసి మంచం కోడు పట్టుకుని ఎత్తింది. అక్క కింద కూర్చుని ఇటుక దోపింది. తరవాత ఇంకొకటి చేతిలోకి తీసుకుని, తల ఎత్తకుండా అడిగింది.

“ఒకటి చాలంటావా, రెండు పెట్టమంటావా?”

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ వీధివాళ్ళు ఆమెను సలహా అడగడం అదే మొదటిసారి. మంచం బరువుకు చేతులు లాగేస్తున్నాయి. వద్దమ్మ కిటికీ వైపు ఒకసారి చూసింది.

“రెండు పెట్టు,” అంది.