గాజు తొట్టి కింద తాటిచెక్క

ఇవాళ పొద్దున్న కొత్త బీరువా కుదురుగా నిలవడం లేదని మా అబ్బాయి దాని కాలి కింద తాటిచెక్క దోపబోయాడు. గబుక్కున వాడి చెయ్యి పట్టుకున్నాను. "ముందు గోడ చూడు నాయనా" అన్నాను. వాడు నవ్వాడు. వాడికేం తెలుసు పాపం, నేనెప్పుడూ చెప్పందే.

మా నాన్నగారు నరసాపురం దగ్గర కాలవ లాకుల ఆఫీసులో గుమాస్తా. బదిలీ మీద వెళ్లిపోతూ అక్కడి పై అధికారి దొరగారు తన రంగుచేపల గాజు తొట్టినీ, దాని బల్లనీ ఆయనకిచ్చేశారు. చేపలు వండని ఇంట్లో చేపల్ని మేపడమేమిటని మా నాన్నమ్మ కొన్నాళ్లు మూతి ముడుచుకుంది. తరవాత ఎవరూ చూడకుండా మెతుకులు వెయ్యడం మొదలుపెట్టింది. తొట్టిని నడవాలో, కాలవ వైపు మట్టిగోడ పక్కన పెట్టారు. నీళ్లు తొట్టి అంచుకి సమంగా నిలవాలని నాన్నగారికి అదొక పిచ్చి. వానలు పట్టాక గోడ వైపు నీళ్లు అంచుకి దగ్గరగా వచ్చాయి. ఆయన అటువైపు బల్ల కాళ్ల కింద తాటిచెక్క దోపారు. వారం తిరక్కుండా మళ్లీ ఒరిగింది. మళ్లీ చెక్క.

నాన్నమ్మకి అదో అవమానం. ఆ నేల ఆవిడది మరి. ప్రతి శుక్రవారం గుంట పడ్డచోటల్లా మట్టి మెత్తి, పేడతో అలికి, ముగ్గు పెట్టేది. తన నేల నిక్షేపంలా ఉందనీ, దొరగారి బల్లే వంకరదనీ ఆవిడ వాదన. బల్ల వంకర కాదు, నేలే కుంగిందని ఆయన. ఆ వర్షాకాలమంతా భోజనాల దగ్గర ఇదే తగువు, మాకు నవ్వే నవ్వు. ఎందుకు కుంగుతోందని మాత్రం ఒక్కరమూ అనుకోలేదు. కాలవ నీరు గోడ పునాదిలోకి ఊరుతోంది. కుంగినంత మేరా ఆవిడ అలికేసేది, ఆయన చెక్క దోపేసేవారు.

ముసురు వెలిసిన ఓ శుక్రవారం, ఆఫీసుకి బయల్దేరుతూ నాన్నగారు ఓటమి ఒప్పుకున్నారు.

"సరేనమ్మా, నీ మాటే నిజం, బల్లే వంకర. ప్రస్తుతానికి ఆ మూల ఇంకాస్త ఎత్తుగా మట్టి వెయ్యి. బల్ల సంగతి సాయంత్రం చూస్తాను."

నాన్నమ్మ మురిసిపోయింది. పనివాళ్ల చేత తొట్టిని ఇవతలకి జరిపించి, మట్టి తట్టతో గోడ వారన కూర్చుంది. నేను పెరట్లో ఉన్నాను. బాగా నానిన గోడ కదా, కూలితే పెద్ద చప్పుడు కూడా రాలేదు.

మట్టి తవ్వి తీసేసరికి ఆవిడ ప్రాణం పోయింది. చేతిలో అలుకుగుడ్డ అలాగే ఉంది. తొట్టికి మాత్రం ఏమీ కాలేదు, చేపలు తిరుగుతూనే ఉన్నాయి. నాన్నగారు దాని ముందు కూలబడి, "నేనే వెయ్యమన్నాను" అన్నారు. దినాలు అయ్యాక చేపల్ని కాలవలో వదిలేశారు. ఆ తరవాత మంచం కోళ్లు ఎగుడుదిగుడై ఊగినా కింద ఏమీ పెట్టనిచ్చేవారు కాదు. పోయేదాకా అలాగే పడుకున్నారు.

మా అబ్బాయి గోడంతా తడిమి చూసి, గట్టిగానే ఉందమ్మా అని నా తృప్తి కోసం చెప్పాడు. ఏళ్లు ఎన్నో గడిచాయి గానీ, నాన్నగారు బల్ల సంగతి చూస్తానన్న ఆ సాయంత్రం మాత్రం నాకింకా రాలేదు.