కావాలని కొట్టిన గాలి

పాతికేళ్లు దాటింది. ఈ సంగతి నా భార్యకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు. ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. గుండెల మీద బండ అంటారు చూడండి, నాది అంత పెద్దదేం కాదు. చెప్పులో రాయి లాంటిది. నడవనిస్తుంది, మరిచిపోనివ్వదు. ఇన్నేళ్లూ దానిమీదే నడిచాను.

తొంభైల్లో నేను బహ్రెయిన్‌లో సైకిలు మెకానిక్‌ని. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో చిన్న షాపు. నాకు వీసా ఇచ్చిన కఫీల్ వారానికోసారి వచ్చి టీ తాగి వెళ్లేవాడు, మిగతాదంతా నేనే. గొప్పలు పోవడం కాదుగానీ, నా పనిలో వంక పెట్టినవాడు లేడు.

ఒక బెల్జియం ఇంజనీరు నా దగ్గరికి సైకిలు తెచ్చేవాడు. వాళ్ల దేశంలో చలికాలం వస్తే బురదలో, ఇసుకలో, మెట్ల మీద సైకిలు పందేలు జరుగుతాయట. తొక్కలేని చోట దిగి, సైకిల్ని భుజానేసుకుని పరుగెత్తాలి. సైక్లోక్రాస్ అంటారు. బురద లేకపోతేనేం, ఇసుకుందిగా అని ఆ ఏడు చలికాలమంతా శుక్రవారాల్లో అస్కర్ అనే ఊరి అవతల బీడులో పందేలు పెట్టాడు. ఇంగ్లీషువాళ్లు, ఫిలిప్పీన్సువాళ్లు, బహ్రెయినీలు, పాకిస్తానీలు, మేమూ. అన్ని దేశాలవాళ్లం కలిసి ఇసుక తిన్నాం. సీజను మొత్తం మీద ఎక్కువ పాయింట్లు వచ్చినవాణ్ణి తన ఖర్చుతో బెల్జియం తీసుకెళ్లి అక్కడి అసలు పందెంలో దింపుతానన్నాడు.

మొదటి రెండు పందేలు నేనూ తొక్కాను. రెండోసారి వాంతి చేసుకుని మధ్యలోనే కూర్చుండిపోయాను. అప్పుడు కొండబాబుని తీసుకొచ్చింది నేనే. మా పక్క ఊరివాడు, నాకన్నా ఆరేళ్లు చిన్న. అస్కర్ క్యాంపులో ఉంటూ కాంట్రాక్టరు దగ్గర పరంజాలు కట్టేవాడు. రోజంతా ఇనప గొట్టాలు మోసే భుజానికి సైకిలొక లెక్కా? దిగిన మొదటిరోజే మూడో స్థానం. తర్వాత వరసగా గెలవడమే. వాడి సైకిలు సిద్ధం చేసేది నేనే. నేను సంతోషించాను. నిజంగానే సంతోషించాను, కనీసం మొదట్లో.

ఎప్పుడు మారింది? ఎన్నిసార్లు వెనక్కి వెళ్లి వెతికినా ఫలానా రోజని దొరకదు. షాపుకొచ్చినవాళ్లు "కొండబాబు మెకానిక్ నువ్వేనా భాయ్?" అనడం మొదలుపెట్టారు. పంక్చరు వేసుకోవడం కూడా చేతకానివాడు, వాడి పేరు చెబితేగాని నేనెవరో తెలియకుండా పోయింది. బెల్జియంలో చలి ఎక్కువని వాడి భార్య ఊరినుంచి వచ్చేవాళ్లతో మంకీ క్యాపు పంపింది. ఆ ఎండలో అది పెట్టుకుని నా షాపు ముందు నిలబడి, "ఎలాగున్నానన్నయ్యా, దొరలాగున్నానా?" అని పళ్లికిలించాడు. నేనూ నవ్వాను.  పదేళ్ల వయసునుంచి సైకిళ్లతో బతికినవాణ్ణి నేను. విమానం ఎక్కేది వాడా?

ఇక్కడ మా పని గురించి ఒక ముక్క చెప్పాలి. ఇసుకలో తొక్కేటప్పుడు టైర్లలో గాలి తక్కువుండాలి. మెత్తగా ఉంటే చక్రం ఇసుకమీద పరుచుకుని పోతుంది, గట్టిగా ఉంటే దిగబడిపోతుంది. ఎంత తీయాలో మీటరు చెప్పదు. ఆ రోజు ఇసుక తీరు చూసి, టైరుని బొటనవేలితో నొక్కి తేల్చుకోవాలి. ఆ నొక్కుడు నాదే. కొండబాబు ఒక్కసారి కూడా తన వేలు పెట్టి చూడలేదు. పెద్దవాణ్ణి, పని తెలిసినవాణ్ణి, నేను నొక్కాక తను నొక్కితే నన్ను అనుమానించినట్టవుతుందని వాడి మర్యాద.

ఆఖరి పందెం. మొదటి అయిదుగురిలో వస్తే చాలు, బెల్జియం వాడిదే. అందరూ గీత దగ్గరికి వెళుతుంటే నేను పంపు తీసి వాడి ముందు చక్రానికి గాలి కొట్టాను. తీయాల్సినవాణ్ణి, కొట్టాను. బొటనవేలు దిగనంత గట్టిగా.

"గాలి చూసేవా అన్నయ్యా?"

"చూసేన్రా. ఎల్లు."

అంతే. సరిగ్గా ఉందని నేననలేదు, చూశానన్నాను. ఈ తేడా పట్టుకుని కొన్నేళ్లు వేలాడాను. సిగ్గులేనితనానికి కూడా ఒక హద్దుంటుంది కదండీ.

వెనకబడతాడనే అనుకున్నాను. పడతాడనుకోలేదు. ఇది నిజమేనా? అంత వాలు కింద అంత మెత్తటి ఇసుక ఉందని నాకు తెలియదా? ముందురోజు అక్కడ నడిచి చూసినవాణ్ణి నేనే కదా. మొదటి చుట్టులోనే వాలు దిగుతూ వాడి ముందు చక్రం ఇసుకలో మేకు దిగినట్టు దిగిపోయింది. వాడు హ్యాండిలు మీదుగా ఎగిరి కుడి భుజం మీద పడ్డాడు. అరుపు ఇవతలికి వినపడింది.

అందరూ మనిషి దగ్గరికి పరుగెత్తారు. నేను సైకిలు దగ్గరికి పరుగెత్తాను.

వాల్వు తిప్పి గాలి వదిలాను, ఎవరూ నొక్కి చూడకముందే. అది బుస్సుమంటుంటే చుట్టూ చూశాను. ఎవరూ నావైపు చూడటం లేదు. అమ్మయ్య అనుకున్నాను. అవును, వాడక్కడ ఇసుకలో పొర్లుతుంటే నేను అమ్మయ్య అనుకున్నాను. వాణ్ణి పడేసింది కోపమో, కుళ్లో, ఏదో ఒకటి అనుకోవచ్చు. ఈ అమ్మయ్యకు మాత్రం పేరు దొరకలేదు.

ఆసుపత్రిలో వాడే నన్ను ఓదార్చాడు. "నెమ్మదిగా దిగాల్సింది అన్నయ్యా. నా తొందరే నన్ను ముంచింది. నీ కష్టమంతా బూడిదలో పోసేసేను." నేను వాడి పక్కన కూర్చుని, "పోన్లేరా, ముందు ఒళ్లు చూసుకో," అన్నాను. తిట్టలేదు కాబట్టి మంచివాణ్ణయ్యాను.

భుజం విరిగినవాడు పరంజాలు ఎక్కలేడు. పడింది పనిలో కాదు, పందెంలో. కాంట్రాక్టరు ఖలాస్ అన్నాడు, వీసా కొట్టేశాడు. నెల తిరక్కుండా వాణ్ణి ఊరికి పంపేశారు. బెల్జియం వెళ్లింది ఎవరో ఫిలిప్పీన్సు అతను. నాకేం కలిసొచ్చింది? ఏమీ లేదు. కలిసొచ్చి ఉంటే ఆశపడి చేశానని చెప్పుకునేవాణ్ణి. నేను పైకి వెళ్లడానికి చేయలేదు, వాడు వెళ్లకూడదని చేశాను.

నేనూ తిరిగొచ్చేసి చాలా కాలమైంది. మొన్న వాడు ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. తప్పించుకుందామని చూశాను, నా భార్య ఊరుకోలేదు. భోజనాలయ్యాక అందరి ముందూ మమ్మల్ని పీటల మీద కూర్చోబెట్టారు. "పరాయి దేశంలో నాకు తోడబుట్టినోడికన్నా ఎక్కువ ఈ అన్నయ్య," అంటూ మాకు బట్టలు పెట్టడానికి వచ్చాడు కొండబాబు. ముందు బొట్టు పెట్టాలి కదా. వాడి కుడిచెయ్యి ఛాతీ దాటి లేవదు. ఎడంచేత్తో కుడి మోచేతిని పట్టుకుని, పంటి బిగువున పైకి ఎత్తుకుంటూ, నా నుదుటిదాకా తెచ్చి బొట్టు పెట్టాడు. నేను తల వంచి అందించాను. ఎంత వినయమో అన్నారెవరో.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరివ్వగలిగేది కాదు. వాణ్ణి అడిగే ధైర్యం ఇంకా రాలేదు, వస్తుందని మాటివ్వలేను. గాలి కొట్టింది నేనే. తెలిసే కొట్టాను. ఈ రెండు ముక్కలూ కాగితం మీద ఇప్పుడే మొదటిసారి చూస్తున్నాను.  వాటిని కొట్టేయలేదు, అలాగే ఉంచాను.